ముందు రెండు చాలు

2013 అక్టోబర్ 12, శనివారం

భావన ఫోన్ చేసింది. సిరక్యూజ్‌లో ఉద్యోగం వచ్చిందట. డిసెంబర్ 16న జాయినింగ్. నేను కంగ్రాట్స్ చెప్పేలోపే రెండో మాట. అక్కా, అక్కడ మంచు మోకాళ్ళ దాకా పడుతుందంట, నా కారుకి స్నో టైర్లు నువ్వే చూసిపెట్టాలి, ఏ సైజు వెయ్యాలో, చక్రాలు కూడా మార్చాలో ఏంటో నాకేం తెలీదు, నువ్వెలా చెప్తే అలా అంది.

సరే అన్నాను. ఇంకేమనను?

టైర్ల సంగతి నన్నడగాలన్నది మా పిస్కాటవే ఊళ్ళో తెలుగువాళ్ళకి పాత అలవాటు. నేను చేసేది ఫార్మా కంపెనీలో టెస్టింగ్. పుట్టింది మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో, రీట్రేడింగ్ షాపు వెనక గదిలో. అరిగిపోయిన లారీ టైర్లకి కొత్త రబ్బరు అతికించడం నాన్న పని. నేను టైర్లో కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నదాన్ని. అందుకని ఇక్కడ ఎవరు కారు కొన్నా నాకు ఫోన్ వస్తుంది. అనుదీప్ అయితే టైరక్క అనే పిలిచేవాడు.

అనుదీప్ భావన మొగుడు. నా టీమ్‌లో జూనియర్. నా విడాకులయ్యాక తెలిసినవాళ్ళంతా పిలుపులు తగ్గించారు. జంటల మధ్య ఒంటిమనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో వాళ్ళకి తెలియలేదు పాపం. వీళ్ళిద్దరే ప్రతి శనివారం భోజనానికి పిలిచేవారు. అనుదీప్ పోయి రెండేళ్ళ ఎనిమిది నెలలైంది. 2011 ఫిబ్రవరి 8, మంగళవారం పొద్దున, ఐ-287 హైవే మీద బౌండ్‌బ్రూక్ ఎగ్జిట్ వంపులో. రోడ్డు మీద పల్చగా ఐస్ ఉంది. కారు వెనక భాగం జారి గిర్రున తిరిగి, డ్రైవర్ డోర్ పక్కగా వెళ్ళి రోడ్డు అంచున ఇనప గార్డ్‌రెయిల్‌కి కొట్టుకుంది. వాడికి ముప్ఫై ఒకటి.

ఆ కారుకి స్నో టైర్లు రెండే ఉన్నాయి. ముందు రెండు.

అక్టోబర్ 13, ఆదివారం

రెండు చాలని వాడికి చెప్పింది నేనే. ఈ సంగతి భావనకి తెలియదు.

అక్టోబర్ 15, మంగళవారం, లంచ్ టైమ్

కారు తలుపు అంచు మీద ఉండే స్టిక్కర్ ఫోటో తీసి పంపమన్నాను. పంపింది. 2009 హోండా ఫిట్ స్పోర్ట్. అగ్గిపెట్టంత కారు. టైరు సైజు 185/55 R16. అంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో యాభై ఐదు శాతం, చక్రం పదహారు అంగుళాలు.

ఈ సైజులో స్నో టైర్లు వెతికితే పెద్దగా దొరకడం లేదు. కానీ ఇదే కారు మామూలు మోడల్‌కి కంపెనీవాళ్ళే పదిహేను అంగుళాల చక్రం ఇస్తున్నారు, 175/65 R15. చక్రం ఒక అంగుళం చిన్నది, రబ్బరు గోడ ఆ మేరకు పొడుగు. అప్పుడు మొత్తం టైరు ఎత్తు మారకూడదు, మారితే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. ఎక్సెల్‌లో వేశాను. పదహారుది 609.9. పదిహేనుది 608.5. తేడా మిల్లీమీటరున్నర కూడా లేదు.

కాబట్టి పదిహేను అంగుళాల స్టీల్ చక్రాలు నాలుగు, వాటికి సన్నటి స్నో టైర్లు నాలుగు. ఏప్రిల్ రాగానే విప్పేసి పాతవి బిగించుకోవచ్చు.

ఇదే లెక్క ఏడుసార్లు వేశాను. మేనేజర్ వెనక నుంచి తొంగిచూసి కొత్త కారా అన్నాడు. కాదన్నాను. అనుదీప్ అడిగినప్పుడు ఒక్కసారి కూడా లెక్క వెయ్యలేదు.

అక్టోబర్ 19, శనివారం

భావనతో ఇండియన్ షాపులుండే ఐసెలిన్ వెళ్ళాను. ఓక్ ట్రీ రోడ్ మీద పార్కింగ్ దొరకడానికి ఇరవై నిమిషాలు. ఆమె చీరలు చూస్తుంటే నేను పార్కింగ్‌లో కార్ల టైర్లు చూస్తున్నాను. మూడేళ్ళుగా ఇదే జబ్బు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం ఎక్కేముందు వంగి వాళ్ళ కారు టైర్లు చూస్తాను. ముందువి కొత్తగా, వెనకవి అరిగి ఉంటే ఆ ఇంట్లో ఇచ్చిన కాఫీ అలాగే వదిలేస్తాను.

ఆ ఫోన్ గురించి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఇవాళ రాస్తాను.

2010 డిసెంబర్ 18, శనివారం, పదకొండూ నలభై. వాడు టైర్ల షాపు నుంచి చేశాడు. వెనకాల నట్లు బిగించే గన్ మోత. అక్కా, వీడు స్నో టైర్లు నాలుగూ వెయ్యాలంటున్నాడు, ఏం చెయ్యమంటావ్ అన్నాడు. నేను పప్పులోకి తాలింపు వేస్తున్నాను. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని చెప్పాను. నీది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కదా, లాగేవీ తిప్పేవీ ముందు చక్రాలే, ముందు రెండు చాలు, కొత్తది ముందుకి పాతది వెనక్కి, మా నాన్న నలభై ఏళ్ళు లారీలకి చేసిందదే అన్నాను. ఇంకో రెండు అంటగట్టడానికి చెప్తార్రా వాళ్ళు అని నవ్వాను కూడా. వాడూ నవ్వాడు.

నాన్న సూత్రం లారీలకి నిజమే. ఎండలో, లోడు మీద, ముందు టైరు పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదు. అందుకని కొత్తది ముందు వేస్తారు, రీట్రేడ్ చేసింది వెనక వేస్తారు. మన దేశంలో ఏ డ్రైవర్నడిగినా ఇదే చెబుతాడు. మంచులో ఆ సూత్రం తిరగబడుతుంది. ముందు చక్రాలు రోడ్డుని పట్టుకుంటాయి, వెనకవి పట్టుకోవు. వంపులో బ్రేక్ వేస్తే ముందు భాగం ఆగుతుంది, వెనక భాగం ఆగక పక్కనుంచి ముందుకు వచ్చేస్తుంది. వాడు పోయిన వారానికి ఇంటర్నెట్‌లో చదివాను. ఎక్కడ చూసినా మొదటి పేరాలోనే ఉంది. చదవకుండానే తెలుసనుకున్నాను.

వాడి కారు కొన్నప్పుడు బ్రిడ్జ్‌వాటర్ గుళ్ళో పూజ చేయించాం. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది నేనే.

తిరిగి కారెక్కుతుంటే వెనకనుంచి అక్కా అని వినిపించింది. గిరుక్కున తిరిగాను. ఎవరో కుర్రాడు వాళ్ళక్కని పిలుస్తున్నాడు. గొంతు మాత్రం అచ్చం వాడిది. భావన నా మొహం చూసి షుగర్ డౌన్ అయిందా అక్కా అని పర్సులోంచి చాక్లెట్ తీసి ఇచ్చింది.

అక్టోబర్ 27, ఆదివారం

భావనకి వెడల్పు టైర్ల మీద మనసుపడింది. ఎవరో ఫిట్‌కి 195/60 R15 వేసుకుని ఫోటో పెట్టాడట, కారు గట్టిగా కనిపిస్తోంది, అవే వేద్దామక్కా అంది. గట్టిగా కనిపించడానికి కారేమైనా పహిల్వానా అన్నాను. వెడల్పుగా ఉంటే పట్టు ఎక్కువ కాదా అని వాదించింది.

నాన్న సోఫాలో కూర్చుని వింటున్నాడు. సెప్టెంబర్‌లో వచ్చాడు, ఆరు నెలలుంటాడు. పేరు వీరాంజనేయులు, వయసు డెబ్బై మూడు, మంచు ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూడలేదు. భావనని పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు. బురదలో వెడల్పు చక్రం పైపైన తేలుద్దమ్మాయ్, సన్నదైతే దిగి అడుగున గట్టి నేలని పట్టుకుంటది, మంచైనా అంతేగా, మా అమ్మాయి చెప్పిన నూట డెబ్బై ఐదే కరెక్టు అన్నాడు.

నిజం. ఇక్కడి ఎక్స్‌పర్ట్లు చెప్పేదీ అదే. భావన వెంటనే ఒప్పుకుంది. టైర్ల కుటుంబంతో వాదన పెట్టుకోకూడదు బాబూ అని నవ్వింది. ఈయన ఇలా పది విషయాల్లో తొమ్మిది కరెక్టుగా చెబుతాడు. అందుకే పదోదాన్ని నేను ఎప్పుడూ ప్రశ్నించలేదు.

నవంబర్ 6, బుధవారం

బోల్టుల కొలత 4×100, అంటే నాలుగు బోల్టులు, వంద మిల్లీమీటర్ల వలయం మీద. మధ్య రంధ్రం 56.1. నట్లు కూడా వేరే కావాలి, హోండావి గుండ్రటి మొన, ఈ స్టీల్ చక్రాలకి శంకు మొన. ఇది చాలామంది మర్చిపోతారు. నేను మర్చిపోలేదు. ఎవరికి చెప్పుకుంటున్నానో.

నవంబర్ 9, శనివారం

టైర్లు వచ్చాయి. చక్రాలకి ఎక్కించడానికి ఎడిసన్‌లో ఒక షాపుకి తీసుకెళ్ళాను. అది అనుదీప్ వెళ్ళిన షాపు కాదు. ఆ రోడ్డులోనే నేను వెళ్ళను.

ఎక్కించే ముందు నాలుగింటినీ తిప్పి గోడల మీద నంబర్లు చూశాను. ప్రతి టైరు మీదా చివర నాలుగంకెలు ఉంటాయి, తయారైన వారం, సంవత్సరం. మూడింటి మీద 3113. ఈ ఏడాది ముప్ఫై ఒకటో వారం. నాలుగోదాని మీద 0611.

ఆరో వారం, 2011. ఫోన్‌లో పాత క్యాలెండర్ తీసి చూశాను. ఫిబ్రవరి 6 నుంచి 12 దాకా. వాడు పోయిన వారం.

ఆ వారంలో ఏదో ఫ్యాక్టరీలో ఎవరో దీన్ని వేడి అచ్చులోంచి బయటికి లాగారు. మంగళవారమా బుధవారమా అన్నది గోడ మీద రాయరు. అప్పటినుంచి ఏ గోడౌన్‌లోనో కూర్చుని, ఇన్ని వేల టైర్లలోంచి ఇది నాకే వచ్చింది. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. నమ్మకం లేకపోయినా ఆ టైరుని మిగతా మూడింటికీ దూరంగా జరిపాను.

ఇది వద్దు, మార్చమన్నాను. నీడలో ఉంచిన టైరు, కొత్తదానికిందే లెక్క అని షాపువాడు చెప్పాడు. వాడు చెప్పింది తప్పేం కాదు. అయినా రబ్బరు వయసు రబ్బరు వయసే, నాలుగూ ఒకే వయసువి కావాలి అని పట్టుబట్టాను. భుజాలెగరేసి, మారుస్తానన్నాడు. వచ్చే శనివారం రమ్మన్నాడు. భావనకి ఇదేం చెప్పలేదు. చెప్పనివాటిలో ఇదొకటి చేరింది.

నవంబర్ 16, శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

నాలుగూ ఎక్కించి ఇచ్చారు. తెచ్చి మా పేషియోలో, గుమ్మం బయట గచ్చు మీద, ఒకదాని మీద ఒకటి పేర్చాం. నల్లటి స్టీల్ చక్రాలు, సన్నటి టైర్లు. పొట్టి స్తంభంలా ఉంది. భావన వాటిని ఒక్కొక్కటిగా తడిమి చూసింది. టీ పెట్టాను. తాగలేదు. తర్వాత హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పాస్‌పోర్ట్ పెట్టుకునే ఫోల్డర్ తీసింది. అందులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి.

అనుదీప్ టైర్లు వేయించిన షాపు ఇన్వాయిస్ అది. అడుగున షాపువాడు చేత్తో రాశాడు, వెనక టైర్లు కూడా వెయ్యాలని చెప్పాం, కస్టమర్ వద్దన్నాడు అని. కింద అనుదీప్ సంతకం.

ఈ వద్దన్న కస్టమర్ని నేనేనక్కా అంది.

ఆ రోజు వాడు షాపు నుంచి ముందు భావనకి ఫోన్ చేశాడట. అప్పటికి వాడి ప్రాజెక్ట్ టెక్సస్‌కి మారేలా ఉంది. జూన్‌కల్లా ఇర్వింగ్ వెళ్ళిపోతున్నాం, అక్కడ మంచే పడదు, మూడు నెలల ముచ్చటకి నాలుగెందుకు, రెండు వేయించుకుని రా అని భావన చెప్పిందట. ఆ మాట చెప్పి తను మళ్ళీ పడుకుందట. నేను నిద్రమత్తులో చెప్పానక్కా అంది. నేనే చంపానక్కా అంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకి కూడా చెప్పలేదు, నీకు చెప్పకపోతే ఈ టైర్లు వేసుకుని నేను వెళ్ళలేను అంది. ఏడవలేదు. ఏడుస్తూ చెప్పి ఉంటే నేను కాస్త తట్టుకునేదాన్ని.

నేను ఏం చేశాను? వీపు నిమిరాను. నీ తప్పు కాదే అన్నాను. తలరాత అన్నాను. నా నోట్లోంచి తలరాత అన్న మాట వచ్చింది.

నవంబర్ 17, ఆదివారం

సిగ్గు లేకుండా రాస్తున్నాను. నిన్న ఆమె చెప్తుంటే నాకు మొదట కలిగింది సంతోషం. హమ్మయ్య, నేనొక్కదాన్నే కాదు అనిపించింది. ఒక్క నిమిషమే. కానీ అనిపించింది.

తర్వాత ఆలోచించాను. వాడు ఆమెకి చేశాక నాకెందుకు చేశాడు? ఆమె మాట వాడికి పూర్తిగా రుచించలేదు. షాపువాడి మాట లోపల ఎక్కడో పనిచేస్తోంది. అందుకని తెలిసినవాళ్ళని అడుగుదామనుకున్నాడు. నేను నాలుగూ వేయించుకోరా అని ఉంటే వేయించుకునేవాడు. టైర్ల విషయంలో పెళ్ళాం మాట కంటే టైరక్క మాట ఎక్కువ. కాబట్టి ఆ కాగితం మీద వద్దన్న కస్టమర్ భావన కాదు.

చెప్తే భావన నాకు ఉండదు. నాకు ఈ దేశంలో ఉన్నది ఆమె ఒక్కతే. చెప్పకపోతే ఆ కాగితం పాస్‌పోర్ట్‌తో పాటు ఆమె వెంట సిరక్యూజ్ వెళ్తుంది, ముసలిదయ్యేదాకా వెళ్తుంది.

నవంబర్ 18, సోమవారం, సాయంత్రం

ఆఫీస్ నుంచి వచ్చేసరికి నాన్న చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. పక్కన కూర్చుని నేనూ మొదలుపెట్టాను. మామూలుగా అడిగినట్టు అడిగాను. నాన్నా, రెండే కొత్త టైర్లుంటే ఎక్కడ వేస్తావ్?

తలెత్తకుండా ముందు అన్నాడు.

మంచులో అయితే అన్నాను. ఎక్కడైనా ముందే, స్టీరింగ్ ముందుంటే టైరు వెనకెందుకేస్తారే అన్నాడు. అప్పుడు చెప్పాను, ఇక్కడ అలా వేస్తే ఏమవుతుందో. చిక్కుడుకాయని రోడ్డు మీద కారులా బల్ల మీద పెట్టి, వెనక కొస వేలితో తోసి చూపించాను. గిర్రున తిరిగింది.

నాన్న ఆ కాయని తీసి మళ్ళీ తిన్నగా పెట్టాడు. తర్వాత ఎవరికి చెప్పావు అన్నాడు. ఏం జరిగిందని అడగలేదు. ఎవరికి చెప్పావు అనే అడిగాడు. అనుదీప్‌కి అన్నాను. భావన మొగుడు పోయాడని తెలుసు, ఎలా పోయాడో తెలియదు ఆయనకి. ఇప్పుడు తెలిసింది.

లేచి లోపలికి వెళ్ళి చొక్కా వేసుకుని, స్వెట్టర్ వేసుకుని వచ్చాడు. పదమ్మాయ్, మాట నాది, నేను చెప్తా ఆ పిల్లకి అన్నాడు. నీ మాట కాదు నాన్నా, నువ్వు మంచు చూడలేదు, నేను పన్నెండేళ్ళుగా చూస్తున్నాను, తెలుసుకోవాల్సింది నేను అన్నాను. స్వెట్టర్ విప్పలేదు. రాత్రి అన్నం కూడా స్వెట్టర్‌తోనే తిన్నాడు. పెద్దాయన్ని కూడా ఇందులోకి లాగాను.

నవంబర్ 28, గురువారం, థాంక్స్‌గివింగ్

భావన వచ్చింది. గుత్తివంకాయ చేసుకొచ్చింది. నాన్న ప్రతి ముద్దకీ నా వైపు చూస్తున్నాడు. చెప్తావా చెప్పవా అని.

అక్కడ ఎవరికీ నేనెవరో తెలియదక్కా, కొత్తగా మొదలుపెట్టచ్చు అంది భావన. అని వెంటనే, ఆ కాగితాన్ని మాత్రం ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు అంది.

నోరు తెరిచాను. పెరుగు వేసుకోమన్నాను.

డిసెంబర్ 7, శనివారం

ముహూర్తం ఇవాళ. చలి బాగా దిగింది. ఈ చలిలో మామూలు టైర్ల రబ్బరు గట్టిపడుతుంది, ఇక మార్చాల్సిందే. పదింటికి భావన కారు తెచ్చింది. జాకీ, నట్టు ఎంత బిగిసిందో కొలిచే టార్క్ రెంచ్ నా దగ్గర ఉన్నాయి. షాపులో చేయించుకోవచ్చు. నా చేత్తో చెయ్యాలనుకున్నాను. నాన్న మంకీక్యాప్ పెట్టుకుని పేషియోలో కుర్చీ వేసుకున్నాడు.

వెనక చక్రాలతో మొదలుపెట్టాను. కుడివైపుది అయింది. ఎడమవైపుది అయింది. శంకు నట్లు ఎదురెదురుగా బిగిస్తూ, 80కి పెట్టిన రెంచ్ టక్కుమనేదాకా. భావన నట్లు అందిస్తోంది. ముందువి వదిలేసి వెనకవి ఎందుకక్కా మొదలుపెట్టావ్ అంది. ఊరికే అడిగింది. చేతిలో రెండు నట్లున్నాయి.

ముందు పట్టుండి వెనక లేకపోతే కారు తిరిగిపోతుంది కాబట్టి అన్నాను. ఈ సంగతి ఆ రోజు నాకు తెలియదు కాబట్టి అన్నాను. తర్వాత ఆపలేకపోయాను. మోకాళ్ళ మీద కూర్చునే అంతా చెప్పాను. నువ్వు పెట్టేశాక వాడు నాకు చేశాడు. పదకొండూ నలభైకి. నేను పప్పు తాలింపు వేస్తున్నాను. ముందు రెండు చాలన్నాను. అమ్ముకోడానికి చెప్తారన్నాను. నవ్వాను. అన్నీ చెప్పాను, నవ్వు కూడా.

నాన్న లేచొచ్చాడు. ఆ సూత్రం నాదమ్మా, నా కూతురు నాదగ్గర నేర్చుకుంది, తిట్టేదుంటే నన్ను తిట్టు అన్నాడు. భావన ఆయన్ని చూసి, మీరు కూర్చోండి అంకుల్, చలి అంది. ఆయన కూర్చోలేదు.

నన్నడిగింది. ఇంకేమన్నాడు అంది. ఎంతసేపు మాట్లాడాడు, ఎలా ఉన్నాడు, హుషారుగా ఉన్నాడా అంది. నాకు అర్థమవడానికి కొంచెం టైమ్ పట్టింది. ఆమె దగ్గర వాడి మాటలన్నీ పాతబడిపోయాయి. మూడేళ్ళ తర్వాత ఇవి కొత్తవి. గుర్తున్నదంతా చెప్పాను. చలికి చేతులు రుద్దుకుంటున్నానన్నాడు. షాపులో కాఫీ కాలవ నీళ్ళలా ఉందన్నాడు. చివర్లో, సరే టైరక్కా, నీ మాటే ఫైనల్ అని పెట్టేశాడు.

నాకూ అదే అన్నాడు అంది భావన. నీ మాటే ఫైనలే అన్నాడు నాకు.

ఒక్క క్షణం నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వబోయినట్టే అయింది మొహం. తర్వాత మారిపోయింది. నువ్వు కర్మకాండల్లో నా పక్కన కూర్చున్నావు అంది. మూడు నెలలు నాకు అన్నం కలిపి పెట్టావు, నా పక్కన పడుకున్నావు, నేను లేచి కూర్చున్నప్పుడల్లా లేచి కూర్చున్నావు, ఒక్కరోజు చెప్పాలనిపించలేదా అంది. పోనీ మొన్న నేను చెప్పినప్పుడు? నేనే చంపానని నేనంటే నువ్వు తలరాత అన్నావు.

చేతిలో నట్లు డబ్బాలో వేసింది. పాతవి వెయ్యి అంది.

అర్థం కాలేదు నాకు. అక్కా, పాత చక్రాలు వెయ్యి, నువ్వు చూసిన టైర్ల మీద నేను వెళ్ళను అంది. నా మీద కోపం నా మీద చూపించు, ఇవి మంచివే, నాలుగూ ఉన్నాయి, లెక్క చూసి తెచ్చాను, అక్కడ మంచు నీకు తెలియదు అన్నాను. ఆ రోజు కూడా నీకు తెలుసుగా అంది.

బతిమాలాను. నాన్న బతిమాలాడు. ఆమె కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. నేను వెయ్యకపోతే ఎవరో ఒకర్ని పిలిచి వేయించుకుంటుంది, లేదా అలాగే రెండు రకాల టైర్లతో వెళ్ళిపోతుంది. రెండోది ఊహించలేకపోయాను. జాకీ మళ్ళీ ఎత్తాను. వెనక ఎడమది విప్పాను. పాత చక్రం ఎక్కించి, గుండ్రటి నట్లు వెతికి బిగించాను. తర్వాత కుడివైపుది. వాటినీ 80 దాకా బిగించాను. స్నో టైరు విప్పి మామూలు టైరు బిగించడం నా చేతులతో నేనే చేశాను.

వెళ్ళేముందు నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టింది. నా వైపు చూడలేదు. ఆ ఇన్వాయిస్ మాత్రం టూల్ బాక్స్ మీద పెట్టి వెళ్ళింది. ఇది నీది అంది.

డిసెంబర్ 9, సోమవారం

మెసేజ్ పెట్టాను. నావి వద్దు. ఏ షాపులోనైనా కొనుక్కో. సైజు కూడా వాళ్ళనే అడుగు. కానీ నాలుగు. నాలుగూ ఒకేరకం. ప్లీజ్.

డెలివర్డ్ అని చూపిస్తోంది.

డిసెంబర్ 11, బుధవారం

డెలివర్డ్.

చెప్పకుండా ఉంటే ఈపాటికి ఆమె కారుకి నాలుగు మంచి టైర్లు ఉండేవి. చెప్పడం వల్ల ఆమె నెత్తిమీద బరువు దిగింది, కాళ్ళ కింద పట్టు పోయింది. ఎన్నిసార్లు లెక్కేసినా ఇంతే వస్తోంది. నాన్న మాత్రం చెప్పడమే రైటమ్మాయ్ అంటున్నాడు. అని వెంటనే వెదర్ ఛానెల్ పెడుతున్నాడు.

డిసెంబర్ 14, శనివారం

పొద్దున్నుంచీ మంచు. సిరక్యూజ్‌లో ఒక అడుగు మందాన పడుతుందంటున్నారు. భావన ఎనిమిదింటికి బయల్దేరిందని వాళ్ళ ఇంటి ఓనరావిడ చెప్పింది. టైర్లు మార్పించిందా అని అడిగాను. తెలియదంది. ఫోన్ రింగవుతోంది, ఎత్తడం లేదు.

నాలుగు టైర్లూ పేషియోలో ఉన్నాయి. నాన్న చీపురు పట్టుకెళ్ళి వాటి మీద మంచు దులిపి వచ్చాడు. మళ్ళీ పడుతోంది.